దోసెడు నీటి పాఠం

మద్రసాలో ఫిఖ్హ్ గ్రంథం తెరిచిన విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేది తహారత్ అధ్యాయం. నమాజు కంటే ముందు, జకాత్ కంటే ముందు నీటి ప్రస్తావన వస్తుంది. ఏ నీటితో వుజూ చెల్లుతుంది, నిలిచిన నీరు ఎప్పుడు అశుద్ధమవుతుంది, పారే నీటికి గల ప్రత్యేకత ఏమిటి అన్న చర్చలతోనే మన ధర్మశాస్త్ర విద్య ఆరంభమవుతుంది. నీటిలో మూడు గుణాలను పరిశీలించమని ఆ గ్రంథాలు చెబుతాయి: రంగు, రుచి, వాసన. బడిలోని సామాన్యశాస్త్ర పుస్తకం కూడా నీటి గురించి చెప్పేటప్పుడు ఈ మూడు మాటలనే వాడుతుంది. ఒకే బాలుడు ఉదయం మక్తబ్‌లో ఒక పాఠాన్ని, పగలు బడిలో రెండో పాఠాన్ని వల్లెవేస్తాడు. రెండూ ఒకే నీటిని గురించినవని అతనికి చెప్పేవారు అరుదు.

రంగును కంటితో చూడాలి, రుచిని నాలుకతో తెలుసుకోవాలి, వాసనను ముక్కుతో పసిగట్టాలి. పూర్వపు ఫుఖహాలు ఎడారి బావుల దగ్గర, వాగుల దగ్గర, వాననీటి గుంటల దగ్గర ప్రజలకు ఎదురైన సమస్యలకు జవాబులు వెతికారు. వారి విద్యలో పరిశీలన ఉంది. మన పిల్లలకు ఆ విద్యను అందించేటప్పుడు మాత్రం మనం పరిశీలనను వదిలేసి కంఠస్థాన్ని మిగిల్చుకున్నాం.

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయి. పిల్లలు రోజంతా ఇంటి పట్టున ఉంటారు, నీటితో ఆడతారు, తిట్లు తింటారు. ఈ నెల తల్లిదండ్రులకు మేము చేసే విన్నపం ఒక్కటే: ఆ ఆటను ఆపకండి, కాస్త దారిలో పెట్టండి. నీటి విలువ గురించి ఉపన్యాసం ఇవ్వటానికి ముందు నీటిని పిల్లల చేతికి ఇవ్వండి.

"వాన ఎక్కణ్ణుంచి వస్తుంది అమ్మీ?" అని నాలుగేళ్ళ పాప అడుగుతుంది. "అల్లాహ్ కురిపిస్తాడు బేటా" అంటుంది తల్లి. ఆ జవాబు సత్యం. అయితే వంటింటి తొందరలో, ప్రశ్నను ముగించటానికి ఆ మాట అంటే పాప ఇక అడగదు. పదేళ్ళు వచ్చేసరికి బడిలో ఆవిరి గురించి, మేఘాల గురించి వింటుంది. ఇంట్లో విన్నది ఒకటి, బడిలో చెప్పేది వేరొకటి అనుకుంటుంది. రెండింటిలో ఏదో ఒకదాన్ని వదులుకోవాలేమోనన్న అనుమానం ఆ లేత వయసులోనే నాటుకుంటుంది. దాన్ని తర్వాత పెకలించటం ఎంత కష్టమో యువకులకు పాఠాలు చెప్పే మాకు తెలుసు.

ఆ అనుమానానికి నిజానికి చోటే లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 48వ ఆయతును తీసి చూడండి. వాన గురించి చెబుతూ ఆ ఆయతు గాలులను పేర్కొంటుంది, ఆ గాలులు లేపే మేఘాలను, అవి ఆకాశంలో పరుచుకోవటాన్ని, వాటి నడుమ నుండి చినుకులు వెలువడటాన్ని వర్ణిస్తుంది. పంపేవాడిని గుర్తు చేస్తూనే, పంపే తీరును కూడా కళ్ళకు కట్టిస్తుంది. తల్లి కూడా అదే పద్ధతిని పాటించవచ్చు. "కురిపించేది అల్లాహ్‌యే. ఎలా కురిపిస్తాడో చూద్దాం రా" అంటే చాలు. ప్రశ్న బతుకుతుంది, విశ్వాసమూ బతుకుతుంది.

ఎలా చూపాలన్నది ఇప్పుడు చెప్పుకుందాం. వీటికి ప్రయోగశాల అక్కరలేదు. వంటింట్లో, డాబా మీద ఉన్నవే సరిపోతాయి.

మొదటిది ఆవిరి. ఉదయం పదిగంటల వేళ డాబా మీద చెంబెడు నీళ్ళు పోయించండి. నిలిచిన మడుగు అంచు వెంట సుద్దముక్కతో గీత గీయమనండి. పావుగంట తర్వాత మళ్ళీ చూసి, అప్పటి అంచు వెంట ఇంకో గీత గీయమనండి. ఒకదాని లోపల ఒకటిగా గీతలు చిన్నవవుతాయి, చివరకు మడుగు మాయమవుతుంది. ఎక్కడికి పోయిందని అడగండి. ఐదేళ్ళ పిల్లలు చాలామంది నేల తాగేసిందంటారు. నవ్వకండి, కాదని కూడా అనకండి. రెండు స్టీలు పళ్ళాలలో గ్లాసెడు చొప్పున నీళ్ళు పోసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టించండి. స్టీలు పళ్ళెం నీటిని తాగదు. అయినా ఎండలోని పళ్ళెం ముందుగా ఖాళీ అవుతుంది. అప్పుడు పిల్లలే తమ మొదటి జవాబును సవరించుకుంటారు. పెద్దలు సవరించిన జవాబు కంటే తాము సవరించుకున్న జవాబు వారికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

రెండోది ఆవిరి తిరిగి నీరు కావటం. ఎండాకాలంలో మన ఇళ్ళలో ఎర్రని గులాబీ షర్బత్ ఉండనే ఉంటుంది. ఒక స్టీలు గ్లాసులో షర్బత్ కలిపి మంచుముక్కలు వేయండి. కాసేపట్లో గ్లాసు బయట చెమ్మ పట్టి చుక్కలు జారుతాయి. లోపలి నీరు కారిందని పిల్లలు అంటారు. శుభ్రమైన తెల్లని గుడ్డతో ఆ చుక్కలను తుడవమనండి. గుడ్డకు ఎరుపు అంటదు. వేలితో తీసి నాలుకకు రాసుకుంటే తీపి ఉండదు. లోపల ఉన్నది ఎర్రనిది, తియ్యనిది. బయట ఉన్నది రంగు లేనిది, తీపి లేనిది. అంటే ఈ నీరు గ్లాసులోది కాదు, గాలిలోది. నిన్న డాబా మీద మాయమైన నీరు ఎటు పోయిందో ఈ రోజు వారికి తెలుస్తుంది. చల్లదనం తగిలిన ఆవిరి చుక్కలుగా మారటాన్ని కళ్ళతో చూసిన పిల్లలకు మేఘం గురించి చెప్పటం తేలిక. ఫిఖ్హ్ చెప్పిన మూడు గుణాలలో రెండింటిని, రంగును, రుచిని, వారు ఇక్కడ స్వయంగా వాడారన్న సంగతిని కూడా గుర్తు చేయండి.

మూడోది కంటికి కనిపించనిది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చెంచాడు ఉప్పు కలిపించండి. నీరు తేటగానే ఉంటుంది. ఉప్పు ఏమైందని అడగండి. ఒక బొట్టు రుచి చూస్తే ఉందని తెలుస్తుంది. ఆ నీటిని పళ్ళెంలో పలుచగా పోసి ఎండలో ఉంచితే సాయంత్రానికి తెల్లని పొర మిగులుతుంది. నీరు వెళ్ళిపోయింది, ఉప్పు ఉండిపోయింది. సముద్రం ఉప్పగా ఉన్నా వాన ఎందుకు చప్పగా ఉంటుందో దీనితో బోధపడుతుంది. కోస్తాలోని పాఠకులు ఉప్పుమడులు చూపించగలిగితే ఇంకా మంచిది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పక తప్పదు. తేటగా ఉన్న నీరు మంచినీరే కానక్కరలేదు. నల్గొండ ప్రాంతంలోని భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచితో పట్టుకోలేం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉన్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళపై మచ్చలు వస్తాయి. మోతాదు ఇంకా ఎక్కువైతే ఎముకలు దెబ్బతింటాయి, నడుములు వంగిపోతాయి. నీటిని కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం పోదు. పటిక, సున్నం వాడి దాన్ని తగ్గించే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. కాబట్టి పిల్లలకు రెండు మాటలు విడివిడిగా నేర్పాలి. వుజూకు పనికివచ్చే నీరు వేరు, తాగటానికి పనికివచ్చే నీరు వేరు. ఉప్పునీటి గ్లాసును చూసిన పిల్లలకు ఈ తేడా ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఈ ఉప్పునీటితోనే ఇంకో వేడుక చూపవచ్చు. మంచినీటి గ్లాసులో పచ్చి కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. గరిటెతో ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో అదే గుడ్డు పైకి తేలుతుంది. ఉప్పు కలిసిన నీరు అదే కొలతలో ఎక్కువ బరువు తూగుతుందని చెప్పండి. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం, 1121 ప్రాంతంలో, అల్-ఖాజినీ అనే ముస్లిం శాస్త్రవేత్త 'మీజానుల్ హిక్మా' అనే గ్రంథం రాశారు. వస్తువులను గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచే త్రాసును అందులో వివరించారు. చల్లని నీరు, వేడినీరు, సముద్రపు నీరు వంటి ద్రవాల తూకాలలోని తేడాలను పట్టికగా ఇచ్చారు. మన పూర్వీకుల ఘనత అని గొప్పలు చెప్పుకోవటానికి ఈ మాట చెప్పటం లేదు. ఆయన తూచి చూశారు. మన పిల్లలు కూడా తూచి చూడాలి.

నాలుగోది నేల. మూడు ప్లాస్టిక్ సీసాలను సగానికి కోసి (కోసే పని పెద్దలది), మూతి ఉన్న భాగాన్ని తలకిందులుగా కింది భాగంలో నిలపండి. మూతికి పలుచని గుడ్డ కట్టండి. ఒకదానిలో ఇసుక, ఒకదానిలో ఎర్రమట్టి, ఒకదానిలో నల్లరేగడి మట్టి నింపండి. మూడింటిలో ఒకే కొలత నీరు పోసి, దేనిలో నుండి ఎప్పుడు కారిందో, ఎంత కారిందో చూడమనండి. ఇసుక వెంటనే వదిలేస్తుంది. నల్లరేగడి పట్టి ఉంచుతుంది. నేల కిందికి నీరు ఎలా దిగుతుందో, సిమెంటు పరిచిన వాకిట్లో ఎందుకు దిగదో పిల్లలే చెబుతారు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల ఆ మట్టి కింద గట్టి రాయి ఉంటుంది. నీరు ఆ రాతి పగుళ్ళలోనే నిలుస్తుంది. ఎంత లోతుకు బోరు వేసినా పగులు తగలకపోతే నీరు పడదు. వాన ఇంకకపోతే ఉన్న పగులు కూడా ఎండిపోతుంది.

మన ఇళ్ళలో పిల్లలు చాలామంది ముల్క్ సూరాను కంఠస్థం చేస్తారు, రాత్రి పడుకునే ముందు చదువుతారు. ఆ సూరా చివరి ఆయతు మనుషులను ఒక ప్రశ్న అడుగుతుంది. వారి నీరు భూమి లోతులలోకి ఇంకిపోతే, ప్రవహించే నీటిని తెచ్చి ఇచ్చేదెవరని. ఒక వేసవిలో మా మక్తబ్‌లో ఆ ఆయతు అర్థం చెప్పినప్పుడు ఎనిమిదేళ్ళ బాలుడు ఒకడు లేచి, "మా ఊళ్ళో బోరు ఎండిపోయింది హజ్రత్. ఇది దాని గురించేనా?" అని అడిగాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి రెండోసారి బోరు వేయించాడట, అందులోనూ నీరు పడలేదట. తరగతిలో అందరికీ ఆ ఆయతు నోటికి వచ్చు. దాని భారం తెలిసినవాడు ఆ ఒక్క బాలుడే. ఆ రోజు పాఠం అక్కడే ఆపి, పిల్లలతో మట్టి సీసాలు పెట్టించాం. ఇంకుడుగుంత అనే మాటను వాళ్ళు అప్పుడే నేర్చుకున్నారు. వీలున్న ఇంటివారు ఈ వానలకు ముందే ఇంకుడుగుంత తవ్వించి, ఆ పనిలో పిల్లల చేత కూడా నాలుగు తట్టల మట్టి ఎత్తించాలని మా మనవి. సెలవులలో బీదరు వెళ్ళేవారు కోటతో పాటు నౌబాద్ దగ్గరి కరేజ్‌ను కూడా పిల్లలకు చూపాలి. భూగర్భజలాన్ని సొరంగం గుండా వాలు వెంట నడిపించే ఆ ఏర్పాటు బహమనీల కాలం నాటిది.

ఇక చివరి ప్రయోగం ప్రతి ఇంట్లో, రోజుకు ఐదుసార్లు జరిగేదే. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారు, ఒక సా నుండి ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారు. ముద్ అంటే మధ్యరకం మనిషి రెండు చేతుల దోసిలి పట్టేంత కొలత. నాలుగు ముద్‌లు ఒక సా. నేటి లెక్కలో ముద్ సుమారు ముప్పావు లీటరు. హనఫీ లెక్కలో కొంత ఎక్కువ, లీటరుకు దగ్గరగా ఉంటుంది.

ఈ మాట చెప్పి ఊరుకోకండి, కొలిపించండి. కుళాయి కింద పెద్ద టబ్బు పెట్టి, పిల్లవాణ్ణి రోజూ చేసే పద్ధతిలోనే వుజూ చేయమనండి. టబ్బులో పడిన నీటిని లీటరు సీసాతో కొలిచి పుస్తకంలో రాయమనండి. తర్వాత నాన్న వుజూను, తాతగారి వుజూను కూడా అలాగే కొలవనివ్వండి. మరుసటి పూట లోటాలో లీటరు నీళ్ళు పోసుకుని వుజూ చేసి చూడమనండి. కుళాయి లెక్క కూడా వారికే వదిలేయండి. లీటరు సీసా పది సెకన్లలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు. మూడు నిమిషాలు తెరిచి ఉంచితే పద్దెనిమిది లీటర్లు. కారే కుళాయి కింద గంటసేపు గ్లాసు పెట్టి చూడండి. గంటకు పావులీటరు చొప్పున పోతే రోజుకు ఆరు లీటర్లు, నెలకు 180 లీటర్లు. ఈ అంకెలు వారే కనుక్కున్నవి కాబట్టి మీరు మందలించనక్కరలేదు. మస్జిద్ వుజూఖానాలో కుళాయి తెరిచి ముచ్చట్లు చెప్పుకునే పెద్దలను చూసి ఆ పిల్లలే ప్రశ్న వేస్తారు. అప్పుడు వారిని గద్దించకండి, కుళాయి కట్టేయండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. పొదుపు పేరుతో వుజూలో లోపం రాకూడదు. మడమలు తడవకుండా వదిలేసిన వారిని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా హెచ్చరించారు. నీరు తక్కువ, శుద్ధి పూర్తి - ఈ రెండూ కలిస్తేనే సున్నత్. టబ్బులో చేరిన ముస్తామల్ నీటితో మళ్ళీ వుజూ చెల్లదు, మొక్కలకు పోయటానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది. ఫిఖ్హ్‌లోని ఈ మసలాను పిల్లలు ఇక మరిచిపోరు, ఆ నీటిని తులసికో మల్లెకో కరివేపాకుకో పోసినది తమ చేతులే కాబట్టి.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. ప్రతి ప్రయోగానికి ముందు ఏం జరుగుతుందో ఊహించమని అడగండి, తర్వాత జరిగింది చూడమనండి. రాయటం రాని పిల్లలు బొమ్మ గీస్తారు. మీకు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, తెలుసుకుందామనండి. ఇమామ్ మాలిక్ (రహ్మలై) వంటి మహా పండితులు ఎన్నో ప్రశ్నలకు తమకు తెలియదని నిస్సంకోచంగా చెప్పారు. అది మన విద్యాసంప్రదాయంలో లోపం కాదు, మర్యాద. ఆడపిల్లలను ఈ పనుల నుండి తప్పించి గిన్నెలు కడగటానికి పంపకండి. వారు అక్కడ కూడా నీటి లెక్క చూస్తారు, అది వేరే సంగతి.

అన్నింటికీ మించినది ప్రాణరక్షణ. పసిపిల్లలు బకెట్టులోని కొద్దిపాటి నీటిలో కూడా మునిగిపోగలరు. ఆట అయిపోగానే టబ్బులు, బకెట్లు బోర్లించండి. బావి, చెరువు, సంపు దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపకండి. వేడినీటి పని పెద్దల చేతిలోనే ఉండాలి. పిట్టల కోసం గోడ మీద పెట్టే మట్టిమూకుడులో నీటిని రోజూ మార్చించండి, లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు నీరు తాపినందుకు ఒక మనిషి మన్నింపు పొందిన వృత్తాంతాన్ని ఆ మూకుడు నింపే వేళ చెప్పండి. ఎండలో ఎగిరి వచ్చిన పిచ్చుక ఆ నీటిలో ముక్కు ముంచటం చూస్తూ విన్న హదీసు పిల్లల మనసులో నిలుస్తుంది.

వచ్చే నెలకు తొలకరి వానలు పడతాయి, ఇన్షా అల్లాహ్. డాబా మీద నిటారుగా ఉండే గిన్నె ఒకటి పెట్టి, పడిన వానను స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసి ఉంచమని పిల్లలకు చెప్పండి. ఆ పుస్తకాలతోనే వచ్చే నెల మన పాఠం మొదలవుతుంది. విత్తనం ఎన్ని రోజులకు మొలకెత్తిందో అప్పుడు చూద్దాం.